క్లిప్పులు ముందే తీయించుకోవాలా? సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సినవి

నిశ్చితార్థానికి ఆరు వారాలు ఉందనగా ప్రొద్దుటూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పళ్ళు వరసకి వచ్చేసినాయి కదమ్మా, ఇంకా ఆ క్లిప్పులు ఎందుకు? ఫొటోల్లో అవే కనపడతాయి. తీయించేసుకో." అద్దంలో చూసుకుంటే అమ్మ మాటే నిజమనిపించింది. అప్పటికి క్లిప్పులు వేయించుకుని 13 నెలలు. పైన రెండు, కింద రెండు పళ్ళు పీకించుకుని మొదలుపెట్టిన ట్రీట్‌మెంట్. ముందు పళ్ళు బడి పిల్లల్లా వరసగా నిలబడ్డాయి.

ఆ శనివారమే బెంగళూరు మారతహళ్ళిలో నేను చూపించుకునే క్లినిక్‌కి వెళ్ళి అడిగాను. అక్కడున్న కుర్ర డాక్టరు నోరు కూడా తెరిపించి చూడలేదు. "ఈ ఫారం మీద సంతకం పెట్టండి మేడమ్, తీసేస్తాం. కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు" అన్నాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే అనుమానం తెప్పించింది. 13 నెలల పనిని ఆపేస్తుంటే, ఇంకా ఏం మిగిలిందో ఒక్క మాటైనా చెప్పాలి కదా?

సంతకం పెట్టకుండా వచ్చేశాను. చివరికి 22వ నెలలో, తీయాల్సిన రోజునే తీయించుకున్నాను. మధ్యలో ఇద్దరు ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరస సరిచేసే స్పెషలిస్టుల) దగ్గర అడిగి తెలుసుకున్నది, సొంతంగా పడి తెలుసుకున్నది వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, మీ నోటి సంగతి తేల్చాల్సింది మీ డాక్టరే. కాకపోతే ఆయన నోటి నుంచి సరైన జవాబు రావాలంటే మనకి సరైన ప్రశ్న తెలియాలి.

మొదటి అడుగు: ఎందుకు తీయించుకోవాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

ఫోన్లో నోట్స్ తెరిచి నిజాయితీగా రాయండి. "విసుగొచ్చింది" అయితే అదే రాయండి, తప్పేం లేదు. ఈ పని ఎందుకంటే, క్లిప్పులు తీసేయాలనిపించే కారణాల్లో చాలావాటికి తీసేయడం కంటే చాలా చిన్న మందు ఉంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోనక్కర్లేదు.

బుగ్గకి వైరు గుచ్చుకుంటోంది, నోట్లో పొక్కులు తగ్గడం లేదు అంటే, డాక్టరు వైరు కొస కత్తిరించడానికి పట్టేది ఐదు నిమిషాలు. అందాకా క్లిప్పుల మైనం చిన్న ఉండ చేసి ఆ చోట అద్దుకోవచ్చు, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించవచ్చు. వైరు మార్చిన తర్వాత నొప్పి మామూలుగా రెండు నుంచి నాలుగు రోజులుంటుంది. ఆ రోజుల్లో పెరుగన్నం, ఇడ్లీ తింటూ గడిపేయాలి. నొప్పి మాత్రకి చాలామంది డాక్టర్లు పారాసిటమాలే చెబుతారు, ఐబుప్రోఫెన్ లాంటివి రోజుల తరబడి వాడితే పళ్ళ కదలిక నెమ్మదించే వీలుందని. వారం దాటినా నొప్పి తగ్గకపోతే, ఒకే పన్ను కొట్టుకుంటున్నట్టు నొప్పి పెడితే అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

పెళ్ళి, నిశ్చితార్థం, పాస్‌పోర్టు ఫొటో, ఇంటర్వ్యూ అయితే దీని గురించి ఐదో అడుగులో చెబుతాను. తీయకుండానే గట్టెక్కే దారులున్నాయి.

ఊరు మారుతున్నారా? బెంగళూరులో మన వాళ్ళలో ఎక్కువగా వినేది ఈ కారణమే. కంపెనీ హైదరాబాద్ పంపింది, ఇంటి నుంచి పని అని చెప్పి తిరుపతి వెళ్ళిపోయారు, వర్క్ ఫ్రం ఆఫీస్ అని మళ్ళీ వెనక్కి పిలిచారు. ఊరు మారితే డాక్టర్ని మార్చుకోవాలి, క్లిప్పులు తీయించుకోవడం కాదు. అవే బ్రాకెట్లతో (పంటికి అతికించే చిన్న ముక్కలతో) ఇంకో ఆర్థోడాంటిస్టు కొనసాగించవచ్చు, మీ రికార్డులు చేతిలో ఉంటే. ఆన్‌సైట్ మీద విదేశం వెళ్తుంటే మాత్రం కాస్త ముందే ఆలోచించుకోవాలి. సగంలో ఉన్న కేసు తీసుకోవడానికి అక్కడ అందరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఖర్చు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

డబ్బు సర్దుబాటు కావడం లేదంటే సిగ్గుపడకుండా క్లినిక్‌లో చెప్పండి, వాయిదాలు పొడిగించేవాళ్ళు చాలామందే ఉన్నారు. బెంగళూరులో కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్ దిగితే దగ్గర్లోనే, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అక్కడ ఆర్థోడాంటిక్స్ విభాగం ఉంది. క్యూ ఉంటుంది, ఓపిక కావాలి. సగంలో ఉన్న కేసును తీసుకుంటారో లేదో రికార్డులతో వెళ్ళి అడగాలి.

గర్భం వస్తే చిగుళ్ళు వాచడం, రక్తం రావడం ఎక్కువవుతుంది. దానికి శుభ్రం చేయించుకోవడం, బ్రష్ మీద శ్రద్ధ కావాలి. అవసరం లేని ఎక్స్‌రేలు వాయిదా వేస్తారు. క్లిప్పులు తీసేయాల్సిన పని సాధారణంగా రాదు. ఎంఆర్ఐ తీయించుకోమన్నారంటే స్కాన్ సెంటర్‌కీ, పళ్ళ డాక్టరుకీ ఇద్దరికీ చెప్పాలి. తలకో మెడకో అయితే స్టీలు వల్ల బొమ్మ చెదురుతుంది, వైరు ఒక్కటి తీసి మళ్ళీ పెడితే సరిపోవచ్చు, కొన్నిసార్లు బ్రాకెట్లూ తీయాల్సి రావచ్చు. మోకాలి స్కాన్‌కి నోట్లో క్లిప్పులు సాధారణంగా అడ్డం రావు.

ఇవన్నీ వడకట్టాక కూడా "అయినా తీసేయాలి" అనిపిస్తే రెండో అడుగుకి రండి.

రెండో అడుగు: మీరు ఏ దశలో ఉన్నారో తెలుసుకోండి

అమ్మా నేనూ మోసపోయింది ఇక్కడే. అద్దం మనకి ముందున్న ఆరేడు పళ్ళనే చూపిస్తుంది. క్లిప్పుల పని నోరంతా జరుగుతుంది.

మొదట సన్నని, మెత్తని వైర్లు వేస్తారు. వంకర పళ్ళు వరసలోకి వచ్చేది ఈ దశలోనే, ఆరు నుంచి ఎనిమిది నెలల్లోనే అద్దంలో మార్పు కనిపిస్తుంది. చుట్టాలంతా "అబ్బ, ఎంత బాగున్నాయో" అనేది అప్పుడే. కానీ అది మొదటి భాగమే. తర్వాత మందమైన స్టీలు వైరు వేసి, పళ్ళు పీకిన చోట మిగిలిన సందులు మూస్తారు, పై దవడ కింది దవడతో సరిగ్గా కలిసేలా రబ్బరు బ్యాండ్లు వేస్తారు. చివరి కొన్ని నెలలు చిన్న చిన్న దిద్దుబాట్లు. మామూలు కేసుకి మొత్తం 18 నుంచి 24 నెలలు, పళ్ళు పీకిన కేసుకి తరచుగా ఇంకాస్త ఎక్కువే.

సందు మూయడం ఎందుకంత నెమ్మది? కోరపన్ను వెనక పీకే చిన్న దవడ పన్ను వెడల్పు దాదాపు 7 మిల్లీమీటర్లు. సందు మూసుకునే వేగం బాగా జరిగితే నెలకి 1 మిల్లీమీటరు, తరచుగా అంతకంటే తక్కువే. పన్ను ఎముకలో నాటుకుని ఉంటుంది. అది జరగాలంటే తోసిన వైపు ఎముకను కొన్ని కణాలు కరిగించాలి, వెనక వైపు ఇంకొన్ని కణాలు కొత్త ఎముక కట్టాలి. వైరు బిగిస్తే ఆ పని తొందరగా అవ్వదు. పైపెచ్చు బలం ఎక్కువైతే పళ్ళ వేళ్ళు (రూట్లు) దెబ్బతింటాయి.

ఇంట్లోనే ఓసారి చూసుకోండి. ఫోన్ టార్చ్ వేసి, వెనక పళ్ళు కలిపి గట్టిగా కొరికి, వేలితో బుగ్గ పక్కకి లాగి ఫొటో తీయండి. పీకిన చోట సందు ఉందా? కోరపన్ను నిటారుగా ఉందా, సందు వైపు ఒరిగిందా? పై ముందు పళ్ళు కింది పళ్ళని మరీ ఎక్కువ మూసేస్తున్నాయా, లేక రెండూ అసలు తగలడం లేదా? ఒక పక్క కింది పళ్ళు పై పళ్ళకి బయట వైపు కూర్చుంటున్నాయా? పైన మధ్య గీత, కింద మధ్య గీత కలుస్తున్నాయా? ఈ ఫొటోతో తీర్పు ఇచ్చుకోకండి, డాక్టర్ని అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి, అంతే.

నా ఫొటోలో పైన రెండు వైపులా సందు కనిపించింది. రెండో డాక్టరమ్మ కొలిచి 3 మిల్లీమీటర్లు ఉందని చెప్పింది. ఇంకో సంగతి ఫొటోకి అందనిది: పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో నా కోరపళ్ళ తలలు సందులోకి వచ్చినా వేళ్ళు ఇంకా పాత చోటే ఉన్నాయి. తలకాయ మాత్రమే వంగి సందు మూసినట్టు కనపడినప్పుడు క్లిప్పులు తీసేస్తే, ఆ పన్ను మళ్ళీ పాత చోటికి లాగుతుంది. వేరుని కూడా నిటారుగా తేవడానికే ఆ మందమైన స్టీలు వైరు.

మూడో అడుగు: మిగిలిపోయేదానితో బతకగలరా?

అందరికీ ఒకే జవాబు లేదు. సందులూ పీకడాలూ లేకుండా కాస్త వంకర సరిచేయడానికే క్లిప్పులు వేయించుకున్నవాళ్ళు, చివరి దిద్దుబాట్లు వదిలేసుకుంటే పెద్దగా నష్టపోరు. ఒక పన్ను అంచు సగం మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే పక్కింటివాళ్ళకి తెలియదు. డాక్టర్లు అంతకంటే నున్నగా తీర్చాలని చూస్తారు, అది వాళ్ళ వృత్తి గౌరవం. దాని కోసం ఇంకో నాలుగు నెలలు వద్దనుకునే హక్కు మీకుంది.

పళ్ళు పీకిన కేసులో సందు మిగిలి ఉండగా తీసేస్తే మాత్రం లెక్క వేరు. ఆ సందులో అన్నం మెతుకులు, మాంసం పీచులు ఇరుక్కుంటాయి, చిగురు చెడుతుంది, పక్క పళ్ళు అటు ఒరుగుతాయి. పన్ను పోయింది, లాభమూ రాలేదు. ఒక పక్క కొరుకు తిరగబడి ఉంటే (కింది పళ్ళు పై పళ్ళకి బయట కూర్చుంటే) నమిలేటప్పుడు దవడ పక్కకి జరిగి కలుస్తుంది, అలా వదిలేయడం మంచిది కాదు. చిగుళ్ళలో ఇరుక్కున్న కోరపన్నుని గొలుసు కట్టి కిందికి లాగుతున్న మధ్యలో ఆపేస్తే అది సగం దారిలోనే నిలిచిపోవచ్చు. పళ్ళు పీకకుండా ఇరుకు సరిచేస్తున్నప్పుడు మధ్యలో ముందు పళ్ళు కాస్త ఎత్తుగా రావచ్చు. ఆ దశలో తీసేస్తే ఎత్తుపళ్ళు లేనివాళ్ళకి కొత్తగా వచ్చినట్టవుతుంది.

డాక్టర్ని అడగాల్సిన అసలు ప్రశ్న ఇది: "ఈ రోజు తీసేస్తే నా నోట్లో ఏం అసంపూర్తిగా మిగులుతుంది? రిటైనర్ దాన్ని ఇలాగే ఆపగలదా, లేక ఇంకా చెడుతుందా?" (రిటైనర్ అంటే క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పెట్టుకునేది.) "ఎప్పుడు తీస్తారు?" అని అడిగినంత కాలం నాకు "ఇంకో మూడు నెలలు" అనే జవాబే వచ్చింది, ప్రతి మూడు నెలలకీ.

నాలుగో అడుగు: నిజంగా తీసేయాల్సిన సందర్భాలు

ఇక్కడ మొండికేయడం తప్పు. చికిత్స పూర్తి చేయాలన్న పట్టుదలతో కొందరు పళ్ళే పాడుచేసుకుంటారు.

పళ్ళ వేళ్ళు కరిగి పొట్టివి కావడం మొదటిది. క్లిప్పులు వేసుకున్న చాలామందిలో వేరు కొస కొంచెం గుండ్రబడటం మామూలే. కానీ ఎక్స్‌రేలో గట్టిగా పొట్టిబడినట్టు కనిపిస్తే డాక్టరు రెండు మూడు నెలలు బలం పెట్టకుండా ఆపుతారు, మళ్ళీ చూస్తారు. అయినా పెరుగుతుంటే ఉన్నంతలో ముగిస్తారు. దీనికి నొప్పి ఉండదు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఏడాదిగా ఒక్క ఎక్స్‌రే కూడా తీయలేదంటే అడిగి తీయించుకోండి.

రెండోది శుభ్రం. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిచిపోతే ఎనామెల్ మీద సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు నెల రోజుల్లోనే మొదలు కావచ్చు. క్లిప్పులు తీశాక పళ్ళు వరసగా ఉంటాయి, ఒక్కో పంటి మీదా బ్రాకెట్ ఆకారంలో తెల్ల చట్రం మిగులుతుంది. పిల్లలకి వేయించిన తల్లిదండ్రులు ఇది గమనించాలి. పదమూడేళ్ళ పిల్లాడు బ్రష్ చేయనంటే చేయడు, తిట్టినా చేయడు. రెండు మూడు హెచ్చరికల తర్వాత కూడా మచ్చలు పెరుగుతుంటే తీసేసి, ఒకటి రెండేళ్ళకి వాడికే బుద్ధి వచ్చాక మళ్ళీ వేయించడం మేలు. పెద్దవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ముదిరి పళ్ళ కింద ఎముక తగ్గుతుంటే ముందు ఆ వైద్యం, తర్వాతే క్లిప్పులు.

తల, మెడ భాగానికి రేడియేషన్ లాంటి పెద్ద చికిత్స పడితే ఆ డాక్టర్లు చెప్పినట్టు తీసేయాల్సిందే. నికెల్ అలర్జీ అరుదు. ఉన్నా నికెల్ లేని వైర్లు, బ్రాకెట్లకి మారే వీలు ఉంటుంది.

ఐదో అడుగు: తీయడానికీ ఉంచడానికీ మధ్య దారులు

నిశ్చితార్థానికి నేనేం చేశానంటే, బ్రాకెట్‌కి వైరుని పట్టి ఉంచే నీలం రంగు రబ్బరు రింగులు తీయించి ముత్యం రంగువి వేయించుకున్నాను. ఇది ఎవరూ ముందు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నా: పసుపు వేసిన కూర, సాంబారు తింటే ఆ రింగులు రెండు రోజుల్లో పచ్చబడిపోతాయి. ఫంక్షన్‌కి ముందు రోజే మార్పించుకోవాలి. ఫొటోల్లో దగ్గరగా చూస్తే తప్ప తెలియలేదు. అమ్మ మాత్రం దగ్గరగానే చూసింది.

ఇంకో దారి, పై ముందు ఆరు పళ్ళకి మాత్రం స్టీలు బదులు పంటి రంగు సెరామిక్ బ్రాకెట్లు వేయించుకోవడం. ఖర్చు ఉంటుంది. అవి పెళుసు, తీసేటప్పుడు కాస్త జాగ్రత్త కావాలి. పెళ్ళి రోజుల కోసం ముందు బ్రాకెట్లు తీసి, పారదర్శక రిటైనర్ ఇచ్చి, పది పదిహేను రోజుల తర్వాత మళ్ళీ అతికించే డాక్టర్లూ ఉన్నారు. అయితే దానికి మీరు ఏ దశలో ఉన్నారన్నది కుదరాలి. సందు మూస్తున్న మధ్యలో ఒప్పుకోరు.

మిగిలిన చిన్న పనిని అలైనర్లతో (పళ్ళకి తొడుక్కునే పారదర్శక తొడుగులతో) పూర్తి చేయడం ఒక దారి. రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోగలిగే క్రమశిక్షణ ఉన్నవాళ్ళకే అది. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, నాలుగింటికి టీ, ఆరింటికి ఇంకో టీ తాగేవాళ్ళు లెక్క వేసుకోండి. ఏదీ కుదరకపోతే "విరామం" అడగండి: బలం పెట్టని వైరు ఒకటి వేసి రెండు మూడు నెలలు ఉన్నది ఉన్నట్టు ఉంచడం. విసుగుకి దీనికంటే మంచి మందు నాకు కనపడలేదు.

ఆరో అడుగు: రెండో డాక్టరు అభిప్రాయం

వెళ్ళేది ఆర్థోడాంటిస్టు దగ్గరికే అని నిర్ధారించుకోండి. బీడీఎస్ ఐదేళ్ళ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ళ ఎండీఎస్ చేసినవాళ్ళు వీళ్ళు. చాలా క్లినిక్కుల్లో ఈ డాక్టరు వారానికి ఒకటి రెండు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో మనకి కనపడేది వేరేవాళ్ళు. నన్ను ఫారం మీద సంతకం పెట్టమన్న రోజు ఆర్థోడాంటిస్టు వచ్చే రోజు కాదని తర్వాత తెలిసింది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి వెళ్ళి వేరే మనిషిని కలిసి రాకుండా, ఫోన్ చేసి ఆ డాక్టరు ఉండే రోజు కనుక్కోండి.

పట్టుకెళ్ళాల్సినవి: మొదలుపెట్టే ముందు తీసిన ఫొటోలు, ఓపీజీ, పక్క నుంచి తీసిన తల ఎక్స్‌రే, పళ్ళ అచ్చులు లేదా స్కాన్ ఫైలు, ట్రీట్‌మెంట్ ప్లాన్, ఇప్పటిదాకా వేసిన వైర్ల వివరం, బ్రాకెట్ రకం, కట్టిన డబ్బు రసీదులు. క్లినిక్ వాళ్ళు ఇవ్వడానికి నసిగితే, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రికార్డులు పొందే హక్కు, రెండో అభిప్రాయం తీసుకునే హక్కు రెండూ ఉన్నాయని మర్యాదగా చెప్పండి. నేను చెప్పలేదు, "ఊరు మారుతున్నాం సార్" అన్నాను. అదీ పనిచేసింది.

ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా చెబితే ఎవరి మాట వినాలి? ఎక్స్‌రే చూపించి, కొలిచి, మిల్లీమీటర్లలో చెప్పినవాళ్ళది.

ఏడో అడుగు: తీసేయాలనే తేల్చుకున్నాక

ముందే తీయించుకుంటే సంతకం అడుగుతారు, అది న్యాయమే. అందులో ఏం అసంపూర్తిగా మిగిలిందో రాయించుకోండి, కాపీ తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆ కాగితమే ఆధారం.

ఇంట్లో ప్లయర్‌తో ప్రయత్నించకండి. వీడియోలు చూసి అలా చేసేవాళ్ళున్నారు. బ్రాకెట్‌తో పాటు ఎనామెల్ పెచ్చు ఊడితే అది మళ్ళీ పెరగదు. క్లినిక్‌లో అయితే ప్రత్యేకమైన పట్టకారుతో బ్రాకెట్‌ని పిండి ఊడదీస్తారు, మిగిలిన జిగురుని డ్రిల్‌తో నెమ్మదిగా గీకి పాలిష్ చేస్తారు. గంట లోపే అయిపోతుంది. చప్పుడే భయపెడుతుంది, నొప్పి పెద్దగా ఉండదు.

బేరమాడకూడని సంగతి ఒకటుంది: రిటైనర్ చేతికి వచ్చే రోజు ఖరారు కాకుండా క్లిప్పులు తీయనివ్వకండి. అదే రోజు ఇస్తే మేలు, లేదంటే ఒకటి రెండు రోజుల్లో. స్లాబు పోశాక సెంట్రింగ్ కర్రలు ఎన్నాళ్ళు ఉంచుతారో ఇల్లు కట్టించినవాళ్ళకి తెలుసు. పన్ను చుట్టూ ఉన్న నార మళ్ళీ అమరడానికి మూడు నాలుగు నెలలు, చిగుళ్ళలోని సాగే నారకి ఏడాది దాకా పడుతుంది. ముందే తీయించుకున్నవాళ్ళకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. పళ్ళ వెనక సన్నని తీగ అతికించే శాశ్వత రిటైనర్ గురించి కూడా అడగండి. తీసి పెట్టుకునే రిటైనర్ అయితే మొదటి కొన్ని నెలలు తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు తప్ప రోజంతా పెట్టుకోవాలి, తర్వాత రాత్రిళ్ళు. ఎన్నేళ్ళని అడిగితే మా డాక్టరమ్మ, "పళ్ళు వరసగా ఉండాలనుకున్నన్నేళ్ళు" అంది.

పారదర్శక రిటైనర్‌ని వేడినీళ్ళతో కడగకూడదు, వంకరపోతుంది. తినేటప్పుడు దాన్ని డబ్బాలోనే పెట్టాలి, టిష్యూలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టకూడదు. దర్శిని అనే టిఫిన్ హోటల్లో నిలబడి రవ్వ ఇడ్లీ తింటూ నేనదే చేశాను. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు పళ్ళెం, టిష్యూ రెండూ లేవు. వెనక పాత్రలు కడిగే చోట బకెట్ వెతకనిచ్చారు, పాపం. దొరకలేదు. కొత్తది చేయించే మూడు రోజుల్లోనే నా కింది పన్ను ఒకటి కొంచెం తిరిగింది, కొత్త రిటైనర్ పెట్టినప్పుడు అక్కడే పట్టింది.